పావుగంట టీ బ్రేక్

నా సీట్లో ఎవరో కూర్చుని ఉన్నారు.

ఇలాంటివాటికి గొడవపడే రకం కాదు నేను. కానీ కిటికీ పక్కన, సరిగ్గా ఫ్యాను కింద, నాకు బోర్డు కనపడేంత దగ్గరగా, సార్‌కి నేను కనపడనంత వారగా ఉండే సీటు మా కాలేజీ మొత్తానికి అదొక్కటే. కాలేజీ మొత్తం అంటే ఎంతో అనుకునేరు. కింద పరుపుల షాపు, పైన మేము. ఒకటే గది. బయట మాత్రం ‘బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ కాలేజీ’ అని పరుపుల షాపు బోర్డు కన్నా పెద్ద బోర్డు ఉంటుంది. పరుపు కొందామని పొరపాటున పైకొచ్చి, ఓ మార్కెటింగ్ క్లాసు విని దిగిపోయినవాళ్ళు కూడా ఉన్నారు.

గది ఒకటే కాబట్టి బ్యాచ్‌లు రెండు. పగటి బ్యాచ్‌లో చదువు తప్ప ఇంకో పని లేనివాళ్ళు ఎక్కువ. సాయంత్రం బ్యాచ్‌లో పగలంతా ఎక్కడో ఒకచోట ఒళ్ళు వంచి వచ్చేవాళ్ళం. నేను కొరియర్ ఆఫీసు వెనక గదిలో పార్సిళ్ళు సర్దుతాను. ఆ రోజు పని తొందరగా అయిపోయి, క్లాసుకు ముందే వచ్చాను. పగటి బ్యాచ్ వెళ్ళిపోయింది. ఈ అమ్మాయి ఒక్కతే మిగిలింది, అదీ నా సీట్లో.

“ఏమండీ, అది నా సీటు,” అన్నాను.

ఆమె పుస్తకంలోంచి తలెత్తలేదు. “సాయంత్రం బ్యాచ్ వాళ్ళది కదా. ఇంకా సాయంత్రం కాలేదు.”

కిటికీలోంచి చూశాను. నిజమే, ఎండ ఇంకా గోడ మీదే ఉంది. ఈలోగా మా ఆయమ్మ బకెట్టూ తడిగుడ్డా పట్టుకుని వచ్చేసింది. రెండు బ్యాచ్‌ల మధ్య ఉన్న ఆ కాస్త ఖాళీలోనే ఆమె గదంతా తుడవాలి. ఆమెకు ఒకటే రూలు. తడి నేల మీద అడుగు పడకూడదు. పడిందా, తుడిచినవాళ్ళ కష్టం ఏమిటో ఏడు తరాలకు సరిపడా వినిపిస్తుంది. మా సార్ కూడా ఆ టైములో గుమ్మం బయటే నిలబడతారు.

“కాళ్ళు పైకి,” అంది ఆయమ్మ.

ఆ అమ్మాయి కాళ్ళు ఎత్తి బెంచీ అడ్డకర్ర మీద పెట్టుకుంది. నేను చేసేది లేక ఎదురు బెంచీ ఎక్కి కూర్చుని, కాళ్ళు పైకి లాక్కున్నాను. ఇక నేల ఆరేదాకా ఆమె లేవలేదు, నేను దిగలేను. ఎదురెదురుగా, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, పోట్లాట మధ్యలో ఆగిపోయిన ఇద్దరం. కాసేపటికి ఆమె పుస్తకం అడ్డుపెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నాకు ఒళ్ళు మండింది. నవ్వు కూడా వచ్చింది. కానీ బింకంగా కూర్చున్నాను.

ఆ వారంలోనే సార్ మా కొంప ముంచారు.

సార్‌ని మేమంతా డెడ్‌లైన్ సార్ అంటాం. కాలేజీ ఆయనదే, ప్రిన్సిపాల్ ఆయనే, పాఠాలు చెప్పేదీ ఆయనే. గడువు పెట్టకుండా ఆయన ఒక్క పనీ చెప్పరు. జోకు వేసినా, నవ్వడానికి కాసేపు టైమిచ్చి వెంటనే పాఠంలోకి వెళ్ళిపోతారు. యాజమాన్యం, కార్మికులు అన్న సబ్జెక్టు వచ్చేసరికి ఆయనకో అలవాటు ఉంది. పగటి బ్యాచ్ వాళ్ళు యజమానులు, సాయంత్రం వాళ్ళు కార్మిక నాయకులు. చీటీలు తీసి జతలు కలుపుతారు. లేని కంపెనీ ఒకటి ఊహించుకుని, దాని జీతాలూ సెలవులూ ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాలి. టర్మ్ చివరి శనివారం లోపు ఒప్పందం మీద ఇద్దరి సంతకాలూ ఉంటే ఇద్దరికీ ఒకే మార్కు. లేకపోతే కంపెనీ మూత, ఇద్దరికీ సున్నా, వచ్చే ఏడాది మళ్ళీ అదే సబ్జెక్టు. మాట్లాడుకోవడం మాత్రం బ్యాచ్‌ల మధ్య ఖాళీలో, ఈ గదిలోనే. బయట మాట్లాడుకున్నది చెల్లదు.

మాకు వచ్చింది గొడుగుల కంపెనీ. కార్మిక నాయకుణ్ణి నేను. ఓనరు ఎవరో వేరే చెప్పాలా?

మొదటి రోజే ఆమె కంపెనీ నష్టాల్లో ఉందంది. జీతాలు పెంచడం కుదరదంది. బయట జోరున వాన. నేను కిటికీ వైపు చెయ్యి చూపించి, ఈ వానలో కూడా గొడుగులు అమ్ముకోలేకపోతే తప్పు మా కార్మికులది కాదు ఓనర్ గారూ, అన్నాను. ఆమె పెన్ను మూత తీసింది, పెట్టింది, మళ్ళీ తీసింది. ఓడిపోతున్నప్పుడు ఆమె అలాగే చేస్తుందని నాకు ఆ రోజే తెలిసింది. ఆ టకటక వినడానికే నేను మరుసటి రోజు మరింత తయారై వచ్చాను.

కానీ నోట్లో వేలు పెడితే కొరకలేని రకం కాదు ఆవిడ. నేను అడిగిన ఫ్యాన్లు ఇచ్చి, వాటికి బదులుగా ఆలస్యంగా వచ్చినవాళ్ళకు జీతం కోత పెట్టింది. ఆఫీసులో పని వదిలించుకుని మా మాటలకు రోజూ ఆలస్యంగా పరుగెత్తుకొచ్చేది ఎవరో ఆమెకు బాగా తెలుసు. “లీడర్ గారూ, మీ మీదే ప్రేమతో పెట్టాను ఈ రూలు,” అంది. మాట వరసకు అన్నదే. అయినా ఆ రాత్రి అన్నం తింటూ ఒక్కణ్ణే నవ్వుకుంటుంటే, మా అమ్మ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

మిగతా జతలన్నీ త్వరత్వరగా సంతకాలు పెట్టుకుని తప్పుకున్నాయి. గదిలో మిగిలింది మేమిద్దరం, ఆయమ్మ బకెట్టు. ఆమె తుడుస్తూ పోతుంటే మేం కాళ్ళు ఎత్తడం, దించడం. మాట మాత్రం ఆగేది కాదు. జీతాలు అయిపోయాయి. సెలవులు అయిపోయాయి. పిల్లల తల్లులకు విడిగా గది కావాలన్నాను, ఒప్పుకుంది. చివరికి టీ బ్రేక్ దగ్గర బండి ఆగింది. నేను పావుగంట అన్నాను. ఆమె పది నిమిషాలు అంది.

ఆ ఐదు నిమిషాల కోసం మేం ఎంత మాట్లాడామో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. వేడి టీ పది నిమిషాల్లో చల్లారదన్నాను. ఊదుకుని తాగమంది. ముసలివాళ్ళు ఊదలేరన్నాను. గొడుగుల కంపెనీలో ముసలివాళ్ళను ఎందుకు పెట్టుకున్నాం అంది. మధ్యేమార్గంగా కాస్త తగ్గుదామని నేను నోరు తెరిచిన రోజు, ఆమె ఉన్నట్టుండి తాగిన కప్పులు ఎవరు కడగాలన్న సమస్య లేవదీసింది. దానితో ఇంకో వారం. ఈమెకి ఎంత పంతం అనుకున్నాను తప్ప, నా బుర్రకి ఇంకేమీ తట్టలేదు.

ఒక రోజు వాన ఎడతెరిపి లేకుండా పడింది. నేల ఆరనే లేదు. నా బ్యాచ్ వాళ్ళు ఎక్కడో చిక్కుకుపోయారు. ఆయమ్మ గుమ్మంలో కాపలా కూర్చుంది. ఓనర్ గారు సంచిలోంచి గొడుగు తీసింది. ఒక పుల్ల విరిగి, ఒక పక్క రెక్క విరిగిన కాకిలా వేలాడుతోంది.

“ఇది మా కార్మికులు చేసింది కాదు,” అన్నాను.

“టీ తాగుతూ చేసి ఉంటారు,” అంది. చెప్పి తనే పకపకా నవ్వింది. తరవాత తన గురించి చెప్పింది. అమ్మానాన్న దూరంగా ఉంటారు. తను చదువుకోసం పిన్ని దగ్గర ఉంటోంది. క్లాసు అవగానే పిన్ని కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళి, మూసేదాకా అక్కడే. ఆదివారాలు కూడా షాపే. పిన్ని మంచిదే కానీ, షాపులో తెలిసినవాళ్ళు ఎవరైనా వచ్చి కబుర్లు పెడితే మాత్రం ఊరుకోదట.

ఆమె ఆ విరిగిన గొడుగుతోనే మెట్లు దిగి, తడుస్తూ వీధి దాటింది. అవతలికి వెళ్ళాక ఒకసారి వెనక్కి తిరిగి కిటికీ వైపు చూసింది. నేను గబుక్కున తల పక్కకి తిప్పుకుని, ఎందుకు తిప్పుకున్నానురా బాబూ అని నన్ను నేనే తిట్టుకున్నాను. అప్పుడు తెలిసింది, ఈ అమ్మాయంటే నాకు ఇష్టమని. మామూలు ఇష్టం కాదు. రేపు నేల తొందరగా ఆరిపోతుందేమోనని దిగులుపడేంత ఇష్టం.

దాని వెనకే ఇంకో సంగతీ తెలిసింది. నేను క్లాసులోకి వచ్చే వేళకు ఆమె వెళ్ళిపోవాలి. ఆదివారం నాకు ఆఫీసు, ఆమెకు షాపు. మేం కలుసుకునేది ఈ గొడుగుల కంపెనీ పుణ్యానే. సంతకం పెట్టిన మరునాడు నేను ఆమెకు ఎవర్ని? పోనీ నేరుగా చెప్పేద్దామా అంటే, ఆవిడ పంతానికి కాదని ఒక్క మాట అంటే నా గతేమిటి? అందుకని పావుగంట దగ్గర మొండికేసి కూర్చున్నాను. ఒక్క నిమిషం కూడా తగ్గలేదు.

టర్మ్ చివరి వారం వచ్చేసింది. ఆఫీసులో నాతోపాటు పనిచేసే మా క్లాసువాడు ఒకడున్నాడు. ఏదైనా ఆలస్యంగా వెలుగుతుందని వాణ్ణి ట్యూబ్‌లైట్ అంటాం. వాడికే అనుమానం వచ్చిందంటే పరిస్థితి ఎంత ముదిరిందో చూడండి. ఈ ఏడాది అన్ని సబ్జెక్టులూ పాసైతే నన్ను వెనక గదిలోంచి ముందు డెస్కుకి మారుస్తానని మేనేజరు మాటిచ్చాడు. మా అమ్మ ఆ డెస్కు కోసం నాకు రెండు ఫుల్‌హ్యాండ్స్ చొక్కాలు కూడా కొనేసింది. ఒక్క సున్నా పడితే చొక్కాలు మిగులుతాయి, డెస్కు ఇంకొకడికి పోతుంది. ట్యూబ్‌లైట్ నన్ను నిలేసి అడిగాడు. ఇంకా టైముందిలే అన్నాను.

మర్నాడు ఆమె వస్తూనే కూర్చోకుండా నా ముందు ఒప్పందం కాగితం పెట్టింది. కింద అప్పటికే ఆమె సంతకం ఉంది.

“పావుగంట. కప్పులు కంపెనీయే కడుగుతుంది. నువ్వు అడిగినవన్నీ ఒప్పుకున్నాను. సంతకం పెట్టు.”

నేను కాగితం చూడలేదు. ఇన్నాళ్ళూ మీరు అన్న మనిషి నువ్వు అంది. ఆ మాట ఇంకోలా వినాలని ఎన్ని ఊహించుకున్నానో. ఇప్పుడు అంటోంది, అదీ నన్ను వదిలించుకోవడానికి.

“ఇంత సులభంగా ఎలా ఒప్పుకుంటారు? కంపెనీ నష్టాల్లో ఉంది కదా,” అన్నాను.

“నా కంపెనీ, నా ఇష్టం.”

“అన్నీ ఒక్కసారే ఇస్తే కార్మికులకు అనుమానం రాదా? వాళ్ళతో మాట్లాడాలి నేను.”

లోకంలో అడిగినవన్నీ ఇచ్చినందుకు అలిగిన కార్మిక నాయకుడు నేనొక్కణ్ణే అయి ఉంటాను. ఆమె ముఖం ఎర్రబడింది. పెన్ను మూత తీసింది, పెట్టలేదు.

“అయితే ఈ రోజుతో మీకు నా పీడ వదిలినట్టే,” అన్నాను. అనకుండా ఉండాల్సింది.

“అవును, వదిలినట్టే,” అని ఆమె లేచింది. ఆయమ్మ అప్పుడే తుడిచి వెళ్ళిన నేల మీద నుంచి, అటూ ఇటూ చూడకుండా నడిచి వెళ్ళిపోయింది. తడి నేల మీద చెప్పుల గుర్తులు గుమ్మం దాకా పడ్డాయి. ఆయమ్మ నోరు తెరిచి, నా ముఖం చూసి మూసేసుకుంది. మళ్ళీ గుడ్డ తడుపుకుని ఏమీ అనకుండా ఆ గుర్తులన్నీ తుడిచింది. ఆమె తిట్టినా నాకు అంత బాధ వేసేది కాదు.

నేను సంతకం పెట్టలేదు. శుక్రవారం ఆమె మాట్లాడటానికి రాలేదు.

శనివారం పొద్దున ఆఫీసులో ట్యూబ్‌లైట్ నా చుట్టూ తచ్చాడి, చివరికి నోరు విప్పాడు. నన్ను నిలేసిన రోజే కాలేజీ మెట్ల దగ్గర ఆ ఓనరమ్మ కనపడితే, నా డెస్కు సంగతి, అమ్మ కొన్న చొక్కాల సంగతి వాడే పూసగుచ్చినట్టు చెప్పేశాడట. నీ టీ కోసం మావాడి ఉద్యోగం పోతోందమ్మా అన్నాడట. ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయట. సంతకం పెట్టాల్సింది ఎప్పుడో, తప్పంతా నాదే, అని వెళ్ళిపోయిందట.

“ఎప్పుడో పెట్టాల్సింది అందా? మరి ఎందుకు పెట్టలేదట?” అన్నాను.

“అదే నాకూ అర్థం కాలేదురా,” అన్నాడు ట్యూబ్‌లైట్.

నాకు మాత్రం వెలిగింది. కప్పులు ఎవరు కడగాలని లేవదీసినది ఎవరు? నేను తగ్గబోయిన రోజే ఎందుకు లేవదీసింది? చేతిలో ఉన్న పార్సిలు తప్పు అరలో పెట్టేసి, మేనేజరు చేత చివాట్లు తిని, ఆ రోజు కాలేజీకి పరుగెత్తాను.

ఆ సాయంత్రం రెండు బ్యాచ్‌లూ ఒకే గదిలో కూర్చున్నాయి. చోటు చాలనివాళ్ళు గోడలకి ఆనుకుని నిలబడ్డారు. సార్ గడియారం తీసి బల్ల మీద పెట్టుకుని ఒక్కొక్క జతనీ పిలిచారు. చివరికి మేం మిగిలాం. బల్లకు అటువైపు ఆమె కూర్చుంది, ఇటువైపు నేను. ఆమె నా వైపు చూడలేదు.

సార్ కాగితం తిరగేసి, కళ్ళజోడు పైకి తోసుకున్నారు. యాజమాన్యం అన్నీ ఒప్పుకుంది, కార్మికులే సంతకం పెట్టలేదు, ఇలాంటిది తన సర్వీసులో చూడలేదన్నారు. నేను ఇంకో కోరిక మిగిలిపోయిందని చెప్పాను. గదిలో గుసగుసలు. సార్ గడియారం చూసి, తొందరగా చెప్పమన్నారు.

లేచి నిలబడ్డాను. ఎవరి వైపూ చూడకుండా, బల్ల మీద ఉన్న పెన్ను వైపు చూస్తూ మాట్లాడాను.

“టీ బ్రేక్ పావుగంట వద్దు సార్. పది నిమిషాలు చాలు. అసలు టీయే లేకపోయినా ఫరవాలేదు. కానీ ఒప్పందం మీద సంతకాలయ్యాక కూడా, యజమాని, కార్మిక నాయకుడు ఇలాగే కూర్చుని మాట్లాడుకోవాలి. ఒప్పందం ఎలా అమలవుతోందో చూసుకోవడానికి.”

“అమలు కమిటీ అన్నమాట. మంచి క్లాజే,” అన్నారు సార్. “ఎప్పుడెప్పుడు కూర్చోవాలి?”

“రోజూ సార్.”

“రోజూనా? గడువు?”

“గడువు వద్దు సార్.”

వెనక బెంచీలో ఎవరో దగ్గారు. సార్ పెన్ను కింద పెట్టేశారు. గడువు లేని క్లాజు ఈ కాలేజీలో చెల్లదని, అసలు దీనికి యాజమాన్యం ఒప్పుకుంటుందా అని ఆమె వైపు తిరిగారు.

పెన్ను మూత టకటకలాడింది. ఒకసారి, రెండుసార్లు. తరవాత ఆగిపోయింది. ఆమె మొదటిసారి నా కళ్ళలోకి సూటిగా చూసింది. కళ్ళు తడిగా ఉన్నాయి, పెదవుల మీద మాత్రం ఆ మొదటి రోజు పుస్తకం అడ్డుపెట్టుకుని నవ్విన నవ్వే.

“కంపెనీకి అభ్యంతరం లేదు సార్,” అంది. “టీ కూడా పావుగంటే ఉంచండి. అన్ని మాటలు పది నిమిషాల్లో అవ్వవు.”

గదంతా గోలగోలైపోయింది. ట్యూబ్‌లైట్ ఆలస్యంగా చప్పట్లు కొట్టాడు. సార్ ఆ గోలకి కాసేపు టైమిచ్చి, చాలన్నారు. నేను సంతకం పెట్టాను. సార్ మార్కులు వేసి, వర్షాకాలమంతా సాగదీసినందుకు ఐదు కోసేశారు. ఆ కోత మీద మేం బేరమాడలేదు.

ఫలితాలు వచ్చి, డెస్కు నాదయ్యాక, అమ్మ కొన్న ఫుల్‌హ్యాండ్స్ చొక్కా వేసుకుని పిన్ని షాపుకి వెళ్ళాను. ఓనర్ గారు అంతా పిన్నికి ముందే చెప్పేసిందట. అద్దాల బల్ల వెనక పిన్ని, ఆవిడ పక్క స్టూలు మీద ఈవిడ. పిన్ని నన్ను కూర్చోబెట్టి, ఉద్యోగం, ఇల్లు, అమ్మ గురించి అడుగుతూ, మధ్య మధ్యలో ఎదురు గోడ మీది కళ్ళ పరీక్ష అక్షరాలు చదవమంది. కొత్తవాళ్ళు ఎవరొచ్చినా కళ్ళు పరీక్షించందే ప్రాణం ఊరుకోదు కాబోలు. నేను చెమటలు కక్కుతూ అన్నింటికీ జవాబు చెప్పాను. చివరి వరస అక్షరాలు కూడా చదివేశాను.

వాళ్ళ అక్కతో, అంటే ఈవిడ అమ్మతో, తను మాట్లాడతానంది పిన్ని, పిల్లాడు బాగానే ఉన్నాడంది. నాకు ప్రాణం లేచొచ్చింది. అయితే కోర్సు పూర్తయ్యేదాకా తిరుగుళ్ళు ఉండకూడదు. ఆదివారం షాపుకి వచ్చి, తన కళ్ళ ముందే కూర్చుని మాట్లాడుకోవచ్చు.

“పది నిమిషాలు,” అంది పిన్ని.

నేను నోరు తెరిచాను. ఇన్నాళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి, ఎలా మొదలుపెట్టాలో నాకు తెలుసు. కానీ ఈలోగా బల్ల అవతల స్టూలు కదిలిన చప్పుడైంది. ఓనర్ గారు లేచింది. స్టూలు చేత్తో పట్టుకుని, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, నా పక్కన వేసుకుని కూర్చుంది.

“నువ్వాగు, నేను మాట్లాడతాను,” అంది నాతో. తరవాత పిన్ని వైపు తిరిగింది. “పావుగంట, పిన్నీ. ఒక్క నిమిషం కూడా తగ్గేది లేదు.”